సిరలలో అన్నము - గుమ్మమున కావలి

ఆకలి వేసినపుడు అన్నము తినుట, తిన్నది అరుగుట, అరిగినది రక్తమున కలిసి దేహమునకు బలమగుట - వీనిలో మొదటిదే మనుష్యుని యెరుకలో జరుగును. ముద్ద గొంతు దిగిన పిమ్మట పనియంతయు చిన్నప్రేవు చూచుకొనును. పెద్దవారిలో దాని పొడవు సుమారు 6 మీటర్లు. దాని లోపలి గోడపై ముఖమలు గుడ్డమీది నూగువలె సన్నని పోగులు లక్షలకొలది నిలిచి, అన్నసారమును పీల్చి రక్తమున కందించుచుండును.

ఆ ప్రేవే లేకపోయిన గతియేమి? పుట్టుకతోనే ప్రేవు సరిగా నేర్పడని పసికందులు కలరు. ప్రేవునకు రక్తము తెచ్చు ధమనిలో గడ్డకట్టి, ఒక్క రాత్రిలో ఆ భాగమంతయు చచ్చిపోగా, దానిని కోసివేయవలసివచ్చిన పెద్దలు కలరు. క్రోన్ వ్యాధివలన పలుమారులు శస్త్రచికిత్స జరిగి, చివరకు మూరెడు ప్రేవు మాత్రమే మిగిలినవారును కలరు. ఇట్టివారిముందు పంచభక్ష్యపరమాన్నములు వడ్డించినను ప్రయోజనము లేదు. తిన్నది తిన్నట్లే వెలికిపోవును. విస్తరిముందు కూర్చుండియే ఆకలితో క్షీణించుటకంటె దైన్యము వేరొకటి యుండదు. 1960 ప్రాంతములవరకు వైద్యుడు వీరికి చేయగలిగినది ఓదార్పు చెప్పుట మాత్రమే.

నేడు అట్టివారు పెక్కు దేశములలో వేలకొలదిగా బ్రతికియున్నారు. ఆసుపత్రులలో గాక, తమ ఇండ్లలోనే యున్నారు. రాత్రి నిదురించునపుడు వారి అన్నము సన్నని గొట్టముగుండ సిరలోనికి బొట్టుబొట్టుగా దిగును. తెల్లవారిన పిమ్మట వారు గొట్టపు కొనను మూసికొని బడికో, కచేరికో పోవుదురు. అయితే ఆ గొట్టము ప్రాణము వచ్చు త్రోవయైనట్లే, ప్రాణము తీయు సూక్ష్మక్రిమి వచ్చు త్రోవయు నగును. ఆ గుమ్మమున ప్రతిరాత్రియు కావలి కాయవలసినవారు రోగియు, రోగి ఇంటివారును.

కుక్కపిల్లలు నేర్పిన పాఠము

సిరలోనికి ఉప్పునీరు, చక్కెరనీరు ఎక్కించుట వైద్యులకు బహుకాలమునుండి తెలిసిన పనియే. కాని దానితో మనుష్యుడు కొన్ని దినములు మాత్రమే నిలువగలడు. ఒక దినమునకు చాలినంత ఆహారమును పలుచని ద్రవముగా చేయుదుమన్న, అది శరీరము భరింపలేనన్ని లీటర్లగును. చిక్కగా చేయుదుమన్న, చేతిలోని సన్నని సిర ఆ గాఢతకు వాచి మూసికొనిపోవును. ఈ చిక్కుముడి విడువవలెనన్న, రక్తము వేగముగను, విస్తారముగను ప్రవహించు పెద్ద సిర కావలెను. అచ్చట ఎంత చిక్కని ద్రవమైనను క్షణములో పలుచనైపోవును. మెడయెముకక్రిందుగా అట్టి పెద్ద సిరను చేరు త్రోవను ఫ్రెంచి వైద్యుడు ఓబానియాక్ 1952లో ప్రకటించెను. స్వీడను దేశీయుడగు ఆర్విద్ వ్రెట్లిండ్ సోయాచిక్కుడు నూనెను కోడిగ్రుడ్డు పచ్చసొనలోని జిడ్డుపదార్థముతో కలిపి, సిరలో నపాయములేక పారగల తెల్లని పాలవంటి ద్రవమును 1960 దశాబ్దారంభమున సిద్ధపరచెను.

ఈ త్రోవలు కలిసిన చోటు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరము. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యాచార్యుడగు జొనాథన్ రోడ్స్ ఆదరణలో స్టాన్లీ డడ్రిక్ అను యువవైద్యుడు బీగిల్ జాతి కుక్కపిల్లలను నెలల తరబడి సిరద్వారమున మాత్రమే పోషించెను. అవి బ్రతుకుటయే గాక, నోటితో తిన్న తోబుట్టువులతో సమానముగా ఎదిగెను. 1967లో ఆ నగరమందలి బాలల ఆసుపత్రిలో చిన్నప్రేవు దాదాపు లేక పుట్టిన ఒక ఆడుశిశువునకు ఇదే పద్ధతి నవలంబించిరి. నోట ఒక్క బొట్టును అరిగించుకొనలేని ఆ శిశువు బరువు పెరిగి, పొడవు పెరిగినది. 1968లో వెలువడిన వారి వ్యాసము వైద్యలోకమును ఆశ్చర్యపరచెను.

ఇంటికి వచ్చిన చికిత్స

ప్రాణము నిలిచినది, కాని అది ఆసుపత్రి మంచమునకు కట్టువడినది. జీవితకాలమంతయు వార్డులో గడపుట బ్రతుకనిపించుకొనునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో సియాటిల్ నగరపు వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ ఒకడు. మూత్రపిండములు చెడినవారికి చిరకాలము రక్తశుద్ధి జరుపు మార్గమును 1960లో కనిపెట్టినవాడాతడే. యంత్రమును రోగి ఇంటికే పంపవచ్చునని అనుభవముచే ఎరిగినవాడగుటచే, ఆహారమునుగూడ అట్లే ఇంటికి పంపదలచెను. న్యూయార్కులో మారిస్ షిల్స్, కెనడాలోని టొరాంటోలో ఖుర్షీద్ జీజీభాయి అదేకాలమున అదే పనికి పూనిరి. జీజీభాయి వైద్యవిద్య నభ్యసించినది మన పొరుగున నున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలోనే.

ఇంటి వైద్యమునకు తగిన గొట్టము కావలసివచ్చెను. 1973లో బ్రోవియాక్, కోల్, స్క్రిబ్నర్ మెత్తని సిలికోను రబ్బరు గొట్టము నొకదానిని వర్ణించిరి. 1979లో హిక్మన్ మరికొంత లావైన దానిని ప్రకటించెను. ఈ గొట్టము సిరలో ప్రవేశించిన చోటనే వెలుపలికి రాదు. చర్మముక్రింద కొంతదూరము సొరంగమున నడచి, రొమ్ముమీద వేరొకచోట బయలుపడును. సొరంగములో గొట్టముచుట్టు చిన్న నూలుపట్టీవంటి డాక్రాను కట్టు ఉండును. కొన్ని వారములలో మాంసము ఆ కట్టులోనికి పెరిగి బిగిసికొని, గొట్టమును కదలనీయదు. చర్మముమీది క్రిములకు గొట్టము వెంబడి లోనికి ప్రాకు త్రోవ నడ్డగించును. ఇది కోటకు కట్టిన మొదటి గోడ.

లోపలి త్రోవ

నోటితో తిను అన్నము శుద్ధమైనది కాదు. దానితోపాటు ప్రతిదినము లెక్కకు మీరిన సూక్ష్మజీవులు కడుపులోనికి పోవుచునే యుండును. కాని కడుపులోని ఆమ్లము, ప్రేవుగోడమీది జిగట, ఆ గోడలో కాపురముండు రక్షకకణములు వానిని నిలువరించును. సిరలోనికి నేరుగా పోవు అన్నమునకు ఈ కావలివారెవరును ఎదురుపడరు. గొట్టపు కొన పెద్ద సిరలో, గుండె కెదుట నుండును. అచ్చట దిగిన క్రిమి నిమిషములోపల దేహమంతయు చుట్టిరాగలదు.

క్రిములకు త్రోవలు ప్రధానముగా రెండు. ఒకటి, చర్మమునుండి గొట్టపు వెలుపలి తలముమీదుగా లోనికి పోవుట. క్రొత్తగా అమర్చిన గొట్టములలో ఇది యెక్కువ. రెండవది, గొట్టపు చివరనున్న మూతినుండి లోపలి రంధ్రముగుండ పోవుట. ఏండ్లతరబడి ప్రతిరాత్రియు విప్పి బిగించు గొట్టములలో ఈ రెండవ త్రోవయే ముఖ్యము. ఆ మూతిని తాకు వ్రేళ్లమీదనే శత్రువు కాచుకొనియుండును. అందు మిక్కిలి తరచుగా కానవచ్చునది స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అను క్రిమి. ఆరోగ్యవంతుల చర్మముపై నిరంతరము నివసించు నిరపాయప్రాణి యది. చేతిమీదనున్నంతకాలము అది ఇరుగుపొరుగువంటిది. గొట్టములో దూరినంతనే దొంగయగును.

అట్లు దూరిన క్రిములు గొట్టపు లోపలి గోడ నంటుకొని, తమచుట్టు జిగురుపొర నొకటి అల్లుకొనును. చెరువుమెట్టుమీది పాచిని చేతితో కడిగినను జారుడు పోనట్లే, ఈ పొరను మందులు సులభముగా చొరజాలవు. రక్తమున తిరుగు క్రిములను చంపు మందు, పొరలో దాగినవానిని చంపలేక పోవచ్చును. అప్పుడు గొట్టమునే తీసివేయవలసివచ్చును. దేహమున గొట్టము పెట్టదగిన పెద్ద సిరలు కొన్ని మాత్రమే. గొట్టము మార్చిన ప్రతిసారియు ఒక సిర గడ్డకట్టి మూసికొను ప్రమాదము కలదు. అన్నియు మూసికొన్ననాడు అన్నము పోవు త్రోవయే యుండదు. అందుచే ప్రతి అంటును రోగి బ్రతుకుమూటలోని ఒక నాణెమును కాజేయునదే.

వియన్నాలో తెలిసిన సత్యము

చేతుల శుభ్రతచే ప్రాణములు నిలుచునని లోకము మొదట తెలిసికొన్నది 1847లో. వియన్నా మహాసుపత్రిలో వైద్యవిద్యార్థులు పనిచేయు ప్రసూతిశాలయందు బాలింతలు జ్వరమువచ్చి చనిపోవుచుండిరి. శవపరీక్ష చేయుచుండగా కత్తిగాటు తగిలిన ఒక సహవైద్యుడు అట్టి లక్షణములతోనే మరణించుట చూచి, ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ కారణము నూహించెను. శవశాలనుండి వచ్చు చేతులను సున్నపు క్లోరిను నీటితో కడిగికొనవలెనని ఆజ్ఞాపించెను. ఆ యేడు ఏప్రిలులో నూటికి 18 మంది చనిపోయిన ఆ శాలలో, జూను మాసమునకు చావులు నూటికి 2 అయ్యెను. ఇంత జరిగినను నాటి వైద్యులు పెక్కురు ఆతని మాట నంగీకరింపలేదు. తమ చేతులే చావునకు కారణమను మాటను వారు సహింపలేకపోయిరి. 1865లో పిచ్చియాసుపత్రిలో ఆతడు కన్నుమూసెను.

శతాబ్దమున్నర గడచినను ఈ పాఠమును మరల చెప్పవలసివచ్చెను. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు పీటర్ ప్రొనొవోస్ట్ అయిదు పనుల పట్టిక నొకదానిని వ్రాసెను: చేతులు కడుగుట, గొట్టము పెట్టునపుడు రోగిని శుద్ధమైన వస్త్రముతో పూర్తిగా కప్పుట, చర్మమును క్లోర్‌హెక్సిడీనుతో తుడుచుట, వీలైనంతవరకు తొడమూలపు సిరను వాడకుండుట, అక్కరలేని గొట్టమును వెంటనే తీసివేయుట. అందు క్రొత్తది ఒక్కటియు లేదు. అవి తెలియని వైద్యుడును లేడు. మిషిగన్ రాష్ట్రమున 103 తీవ్రచికిత్సాశాలలలో ఈ పట్టికను తప్పక పాటించునట్లు చేసి, ఫలితమును 2006లో ప్రకటించిరి. 1000 గొట్టపు దినములకు సగటున 7.7గా నున్న అంటులు 16-18 మాసములలో 1.4కు దిగెను. తెలిసియుండుటకును, ప్రతిసారియు చేయుటకును నడుమ ఎంత దూరము కలదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

రాత్రి ఎనిమిది గంటల వేళ

ఆసుపత్రిలో దాదులు చేయు ఈ పనిని ఇంటిలో ఎవరు చేయుదురు? రోగియే చేయును; లేదా తల్లియో, భర్తయో, కొమార్తెయో చేయుదురు. వారు దాదుల యొద్ద దినములకొలది, ఒక్కొక్కప్పుడు వారములకొలది శిక్షణ పొందుదురు. తప్పులేక చేయగలరని దాది తృప్తిపడిననాడే ఇంటికి పంపుదురు.

ఒక ఉపాధ్యాయురాలే అట్టి రోగియని ఊహింపుడు. రాత్రి ఎనిమిదగును. పిల్లల కాపీపుస్తకములు దిద్దుట ముగిసినది. ఆమె కిటికీ మూసి, పంకా ఆపివేయును. గాలికి లేచిన ధూళి పరికరములపై వ్రాలరాదు. బల్లను మందునీటితో తుడుచును. ఉంగరములు, గాజులు తీసిపెట్టి, సబ్బుతో చేతులను వ్రేళ్లసందులవరకు, గోళ్లమూలలవరకు రుద్ది కడిగి, శుభ్రమైన తువాలుతో తడిలేకుండ తుడిచికొనును. శీతలపేటికనుండి ముందుగనే తీసియుంచిన ఆహారపుసంచిని వెలుతురున కెత్తి చూచును. పేరు తనదేనా? గడువు దాటలేదు గదా? సంచి చెమర్చుచున్నదా? ద్రవములో నలుసులుగాని, నూనె విడిపోయిన పసుపుచారలుగాని యున్నవా? ఏ ఒక్క సందేహమున్నను ఆ సంచి పనికిరాదు.

అప్పుడు గొట్టపు మూతి. దానిని ఆల్కహాలు, క్లోర్‌హెక్సిడీను కలిసిన తుడుపుగుడ్డతో గట్టిగా త్రిప్పి త్రిప్పి రుద్దవలెను. తక్కువపక్షము 15 సెకనులు. పిమ్మట గాలికి దానంతటదే ఆరువరకు ఆగవలెను. ఊదరాదు, విసరరాదు. ఉమ్మివలన, ధూళివలన పడిన శ్రమ వ్యర్థమగును. ఆరకమునుపే బిగించిన, మందు తన పని పూర్తిచేయజాలదు.

విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులిచ్చట ఒక వింత గమనింపవచ్చును. క్రిములను చంపుటలో నూటికి 70 వంతుల ఆల్కహాలు, దాదాపు నీరులేని ఆల్కహాలుకంటె మేలైనది. చిక్కని ఆల్కహాలు క్రిమి పైపొరలోని మాంసకృత్తులను తక్షణమే గడ్డకట్టించి, తనకు తానే అడ్డుగోడ కట్టుకొనును, త్వరగా ఎగిరియుపోవును. నీరు కలిసినది నెమ్మదిగా లోనికి చొచ్చి, లోపలి మాంసకృత్తులను విరిచివేయును.

అన్నిటికన్న మిన్నయైన నియమ మొకటి కలదు. ద్రవమునకు తగులు భాగములను - సూదిమందుగొట్టపు మొన, నాళపు కొన, గొట్టపు మూతి లోపలి అంచు - ఎన్నడును చేతితో తాకరాదు. చేతులెంత కడిగినను తాకరాదు. పొరపాటున తగిలిన, ఎవరును చూడకపోయినను, దానిని పారవేసి క్రొత్తది తీయవలెను. మడికట్టుకొన్న అవ్వ మైలపడిన గిన్నెను మరల తోమించినట్లే, ఇచ్చట మొహమాటమునకు తావులేదు. గదిలో సాక్షి యుండడు. తప్పును దాచిపెట్టినచో అది కొన్ని దినములకు జ్వరరూపమున తానే బయలుపడును.

ఉప్పునీటితో గొట్టమును కడిగి, నాళమును బిగించి, యంత్రమును నడిపించి ఆమె పడుకొనును. పది, పండ్రెండు గంటలు ద్రవము దిగును. ఉదయము మరల అదే క్రమము: చేతులు, తుడుపు, ఆరుదల, ఉప్పునీరు, మూత. నాళమును మరునాడు వాడరు. గొట్టము బయలుపడిన చోటి కట్టు గాజుగుడ్డదైన రెండు దినములకొకసారి, పారదర్శకమైనదైన వారమునకొకసారి మార్చవలెను. తడిసినను, ఊడినను వెంటనే మార్చవలెను. ఆహారపు గొట్టమునుండి రక్తము తీయుట, ఇతరౌషధము లెక్కించుట వీలైనంతవరకు కూడదు. తెరచిన ప్రతిసారియు అది మరియొకసారి గుమ్మము తీయుటయే.

అంకెలు చెప్పు మాట

పగటివేళ గొట్టము ఊరక యుండును. ఆ సమయమున దానిలో ఏమి నింపియుంచవలెను? పూర్వము రక్తము గడ్డకట్టకుండ హెపారిను నింపెడివారు. తరువాత ఉప్పునీరు మేలని తేలినది. క్రిములు పెరుగకుండచేయు టౌరోలిడీను అను ద్రవమును నింపిన ఎట్లుండునని నెదర్లాండ్సులోని నైమెఖెన్ వైద్యులు ముందు నడచి, ఇంట సిరాహారము గొను రోగులపై పలు దేశములలో పరీక్ష జరిపి 2018లో ఫలితమును ప్రకటించిరి. క్రొత్త గొట్టములు గలవారిలో ఉప్పునీరు వాడినచోట 1000 దినములకు 1.49 అంటులు, టౌరోలిడీను వాడినచోట 0.29 అంటులు కలిగినవి.

ఈ అంకెలను ఉపాధ్యాయులు తరగతిలో తిరుగవేసి చూపవచ్చును. వేయిని 1.49చే భాగింపగా 671 దినములు. అనగా ఒక యేడు పది మాసములకొక అంటు. వేయిని 0.29చే భాగింపగా 3,448 దినములు. అనగా సుమారు తొమ్మిదిన్నర యేండ్లకొకటి. పుట్టిన పాప నాలుగవ తరగతికి వచ్చునంతకాలము! దశాంశబిందువు వెనుక ఒక మనుష్యుని ఆయుర్దాయ ముండుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

అయితే ఏ ద్రవమును చేతుల శుభ్రతకు మారు కాదు. 2013లో ప్రకటితమైన ఒక సమీక్షలో, ఇంట సిరాహారము గొనువారి అంటుల లెక్క 1000 దినములకు 0.38 మొదలు 4.58 వరకు ఉన్నట్లు తేలినది. లెక్కించు పద్ధతుల భేదము కొంత. మిగిలిన తేడాలో శిక్షణకును, శ్రద్ధకును పెద్దపాలు కలదు.

వణుకు వచ్చిన రాత్రి

ఎంత కావలి కాచినను ఒకనాడు దొంగ దూరవచ్చును. ద్రవము ఎక్కించుట మొదలుపెట్టిన గంటలోపల పండ్లు కటకటలాడు వణుకు, వెంట జ్వరము వచ్చినచో, అది గొట్టములోని క్రిములు రక్తమున పడినవనుటకు గుర్తు. మలేరియాయో, చలియో యని దుప్పటి కప్పుకొని పడుకొనుట, జ్వరపుబిళ్ల మ్రింగి తెల్లవారువరకు వేచియుండుట ప్రాణాపాయము. ఎక్కించుట ఆపి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. తనకు గొట్టమున్నదని మొదటిమాటగా చెప్పవలెను. అచ్చట గొట్టమునుండియు, చేతిసిరనుండియు రక్తము తీసి పెంపుడుసీసాలలో నుంతురు. గొట్టపు రక్తములో క్రిములు రెండు గంటలో, అంతకుమించియో ముందుగా పెరిగిన, దొంగ యిల్లు ఆ గొట్టమే యని తీర్మానింతురు. మందు తొందరగా పడినచో గొట్టమును సయితము దక్కించుకొనుట కొన్ని సందర్భములలో సాధ్యమే.

మన దేశమున ఇంట సిరాహారము ఇంకను మిక్కిలి కొలదిమందికే అందుచున్నది. దాని వ్యయము అట్టిది. కాని సిరలో గొట్టము పెట్టుకొని ఇంటికి వచ్చువారు తెలుగునాట కొదువ లేరు. కర్కటవ్యాధికి మందు లెక్కించుకొనుచున్నవారు కలరు. మూత్రపిండవ్యాధి ప్రబలిన శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున రక్తశుద్ధికి తిరుగువారు కలరు. రక్తశుద్ధి మొదలగునపుడు పెక్కురకు మెడలో గొట్టముండును. వారి ఇండ్లలోని పిల్లలే మన బడులలోని విద్యార్థులు. నాన్న మెడలోని గొట్టమును తడిచేతితో తాకరాదని, కట్టు తడిసిన వెంటనే చెప్పవలెనని, వణుకు వచ్చిన తెల్లవారువరకు ఆగరాదని ఒక పిల్లవానికి తెలిసియుండుట చిన్న విషయము కాదు.

మధ్యాహ్నభోజనపు గంట మ్రోగినపుడు కొళాయికడ పిల్లలు త్రోసికొనుచు చేతులమీద నీళ్లు చిలుకరించుకొని పరుగెత్తుదురు. సబ్బు నురుగుతో ఇరువది అంకెలు నెమ్మదిగా లెక్కించువరకు రుద్దుడని వారిని నిలువబెట్టు ఉపాధ్యాయుడు, తనకు తెలియకయే, ఏనాటికో ఒక ఇంటిలో రాత్రి ఎనిమిది గంటలవేళ గొట్టపు మూతి తుడువబోవు చేతులకు శిక్షణ ఇచ్చుచున్నాడు.